అత్తయ్యగారిని అన్‌మౌంట్ చేసిన వారం

ఉద్యోగం నుంచి రిటైరైన మూడో రోజున రూటమ్మ ఇంటి మీద పడింది.

రూటమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు కంప్యూటర్లు చూసుకున్న మనిషి. ఆ కంప్యూటర్లన్నీ యూనిక్స్ జాతివి. వాటిలో అన్ని తాళాలూ ఎవరి చేతిలో ఉంటాయో ఆ మనిషిని రూట్ అంటారని ఒకసారి భోజనాల దగ్గర చెప్పింది. ఆ పూటే మరిది ఆవిడకి రూటమ్మ అని పేరు పెట్టేశాడు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి ఇంట్లోనే, మేడ మీద గదిలో ఉండేది.

చెల్లెలు ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. మరిది గడియారాలు బాగుచేసేవాడు. వాళ్ళ కూతురు పళ్ళ డాక్టరు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. ముగ్గురివీ చిన్న చిన్న వస్తువులతో చేసే పనులు. ముగ్గురికీ ఏది ఎక్కడ పెట్టారో గుర్తుండదు. ఒక గోడగడియారం నిమిషాల ముల్లు ఉప్పు డబ్బాలో దొరికింది. ఎవరిదో చొక్కా ఎడమ చెయ్యి రెండు వారాలు కనిపించకుండాపోయి, వాన పడిన రోజున గొడుగు తెరిస్తే అందులోంచి జారిపడింది. కత్తెర కోసం వెతకడమైతే ఆ ఇంట్లో పళ్ళు తోముకోవడం లాంటి నిత్యకృత్యం.

"ఈ ఇంటికి వేరు లేదే," అంది రూటమ్మ చెల్లెలితో. "అందుకే ఇలా ఏడుస్తోంది."

"ఇంటికి పునాది ఉంటుంది గానీ వేరేమిటక్కా?"

"కంప్యూటర్లో ఎన్ని లక్షల ఫైళ్ళున్నా అన్నీ ఒకే వేరు నుంచి మొదలవుతాయి. ఆ వేరు పేరు ఉత్త ఏటవాలు గీత. దాంట్లోంచి కొమ్మలు, కొమ్మల్లోంచి రెమ్మలు. ఏ వస్తువుకైనా వేరు దగ్గర్నుంచి దారి చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది ఇంట్లో ఉన్నా లేనట్టే."

ఆ మధ్యాహ్నమే వీధి తలుపు మీద తెల్ల రంగుతో ఒక ఏటవాలు గీత గీసింది. సాయంత్రం మరిది వచ్చి, తలుపు గీసుకుపోయిందనుకుని, కిరసనాయిలు గుడ్డతో సగం తుడిచాడు. మళ్ళీ గీసింది.

తర్వాత కొమ్మలు మొదలయ్యాయి. కత్తెర, స్క్రూడ్రైవర్లు, సూదుల డబ్బా, సుత్తి, పట్టకారు, ఇలా ఇంట్లో పనిచేసి పెట్టే ప్రతి వస్తువూ వంటగది పక్క అలమరలోకి వెళ్ళింది. అలమర తలుపుకి "బిన్" అని అట్టముక్క అంటించింది. మర్నాడు పొద్దున తీసి చూస్తే కత్తెర మీద ఉల్లిపాయ తొక్కలున్నాయి.

"బిన్ అని నువ్వేగా రాశావు," అన్నాడు మరిది.

"అది చెత్తబుట్ట కాదు. పనిముట్లు ఉండే చోటు."

"మరి చెత్తబుట్ట ఎక్కడ?"

"దేవ్ కింద."

"దేవుడి కింద చెత్తబుట్టా! కళ్ళు పోతాయి వదినా."

"దేవ్ అంటే దేవుడు కాదయ్యా, డివైసులు. ఫ్యాను, టీవీ, మిక్సీ, నీ రేడియో. అందులోనే నల్ అని ఒకటుంటుంది. దాంట్లో ఏది పడేసినా వెనక్కి రాదు."

మెట్ల కింద మూలకి "వార్" అని రాసినప్పుడు మరిది చాలాసేపు చూసి, "ఇది నాకూ మీ చెల్లెలికీనా?" అని అడిగాడు. కాదట. రోజురోజుకీ పెరిగేవన్నీ అక్కడ ఉండాలట: పాత పేపర్లు, మందుల చీటీలు, ఎవరెప్పుడు ఫోను చేశారో రాసుకునే పుస్తకం.

"ఎట్‌సీ" అని పిలిచే సొరుగు మీద ఇ, టి, సి అన్న అక్షరాలు చూసి చెల్లెలు అందులో తెగిన గుండీలు పోసింది.

"అయ్యో, అది వగైరా కాదే," అంది రూటమ్మ గుండీలు ఏరుతూ. "ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన సొరుగు అదే. గీజరు ఎవరు ఎన్నింటికి వెయ్యాలి, ఏ తాళం ఎవరి దగ్గరుండాలి, ఇలా ఇల్లు నడిచే పద్ధతంతా అందులో నోటుబుక్కులో రాసుంటుంది. చదవడం ఎవరైనా చదవచ్చు. రాసేది నేనొక్కదాన్నే."

"అంత ముఖ్యమైనదానికి వగైరా అని పేరెందుకు పెట్టారు మరి?"

"ఎప్పుడో ఎవరో పెట్టారు. ఇప్పుడు మారిస్తే అన్నీ ఆగిపోతాయి."

చెల్లెలు తనూ కూర్చుని గుండీలు ఏరింది. తన కాపురంలో చాలా సంగతులకి కూడా జవాబు అదే.

అన్నిటికంటే గొడవ తెచ్చింది హాలు బల్ల. దాని పేరు టెంప్. ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, కానీ కరెంటు పోయి వచ్చిందంటే దాని మీదున్నవన్నీ ఊడ్చెయ్యాలని ఎట్‌సీలో రాసుంది. ఒక మంగళవారం మరిది ఒక పాత గోడగడియారాన్ని నూట పన్నెండు ముక్కలుగా విప్పి బల్ల మీద పరుచుకుని, టీ కోసం లేచాడు. కరెంటు పోయింది, వచ్చింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి బల్ల అద్దంలా మెరుస్తోంది. ఆ సాయంత్రమంతా చెత్తబుట్ట ముందు గొంతుకూర్చుని పళ్ళచక్రాలు ఏరుకున్నాడు.

"నల్‌లో పడింది వెనక్కి రాదన్నావుగా," అన్నాడు ఉక్రోషంగా.

"రాకూడదు. ఈసారికి నేను చూడలేదనుకో," అంది రూటమ్మ, అటు తిరిగి నిలబడి.

అయినా ఎవరూ గట్టిగా కాదనలేకపోయారు. ఎందుకంటే కత్తెర దొరుకుతోంది. మొదటిసారి మూడే మూడు సెకన్లలో కత్తెర చేతికొచ్చిన రోజున చెల్లెలు నమ్మలేక, పనేమీ లేకపోయినా నాలుగుసార్లు అలమర తెరిచి కత్తెర తీసి, చూసి, మళ్ళీ పెట్టింది.

ఇల్లు ఇలా ఒక దారికి వచ్చిందనుకున్న రోజుల్లోనే మరిది మేనత్త దిగింది.

డెబ్బై రెండేళ్ళ మనిషి. ఒక చేతిలో గొడుగు, వెనక టాక్సీ డ్రైవరు మోసుకొస్తున్న ఇనప ట్రంకుపెట్టె. ముప్పై అయిదేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి, ఒంటరిగా ఒక అపార్టుమెంటులో ఉంటోంది.

"మా బిల్డింగులో లిఫ్టు పాడైందిరా," అంది మేనల్లుడితో. "నాది నాలుగో అంతస్తు. మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. రెండ్రోజులుండి పోతాను."

అందరూ రూటమ్మ వైపు చూశారు. చెట్టులో ఈవిడ ఎక్కడ?

రూటమ్మ చాలా ఆలోచించింది. హోమ్, అంటే ఇంట్లో మనిషికొకటి చొప్పున ఉండే సొంత కొమ్మ, ఇవ్వడం కుదరదు, ఆవిడకి తన ఇల్లు తనకుంది. హాల్లో పడుకోబెడదామంటే అది టెంప్ పక్క. కరెంటు పోతే ఏమవుతుందో చెప్పలేం.

"అత్తయ్యగారు బయటి నుంచి వచ్చిన డిస్కు లాంటివారు," అంది చివరికి. "ఆవిడలో ఆవిడ చెట్టు ఆవిడకుంటుంది. దాన్ని తెచ్చి మన చెట్టులో ఒక చోట తగిలించాలి. మౌంటు అంటారు. అమ్మాయి గదిలో మౌంటు చేస్తాను."

"నా గదిలో నా సామానుంది కదా పెద్దమ్మా!" అంది కూతురు.

"ఉంటుంది. మౌంటు చేసినంతసేపూ కిందున్నవి కనిపించవు, అంతే. ఎక్కడికీ పోవు."

కూతురి బల్ల ముందు ట్రంకుపెట్టె చేరింది. పెట్టె మీద పరుపు, పరుపు మీద బట్టలు. బల్ల మీదున్న ప్లాస్టరుతో పోసిన పద్నాలుగు దవడలు, ఆ పిల్ల పరీక్షకి చూపించాల్సినవి, వెనక ఎక్కడో ఉండిపోయాయి. ఆ పిల్ల చాపా దిండూ తీసుకుని కుట్టుమిషను పక్కన పడుకుంది.

"పోలేదమ్మా, ఉన్నాయి," అని రూటమ్మ రోజూ ధైర్యం చెప్పేది.

రెండు రోజులు ఏడు వారాలయ్యాయి.

ఆ ఏడు వారాల్లో ఇంట్లో ఎవరూ గమనించని సంగతి ఒకటి జరిగింది. వచ్చిన మూడో రోజున అత్తయ్యగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని అట్టముక్కలన్నీ చదువుతూ ఇల్లంతా తిరిగింది. తిరిగొచ్చి రూటమ్మని పిలిచింది.

"వేరు. దాని కింద హోమ్. దాని కింద మీ చెల్లెలు. దాని కింద బీరువా, రెండో అర, నీలం దారం. ఇదేగా అమ్మాయ్ నీ లెక్క?"

"అవునండీ!"

"అయితే చిరునామాని తలకిందులుగా రాశావు. మామూలుగా మనిషి పేరుతో మొదలెట్టి ఊరితో ముగిస్తారు. కానీ ఉత్తరాలు వేరుచేసేటప్పుడు మేమూ నీలాగే కింద నుంచే చదివేవాళ్ళం. ముందు ఊరు, తర్వాత వీధి, తర్వాత ఇల్లు. మనిషి పేరుతో మాకు పనే లేదు, అది పోస్టుమాను చూసుకుంటాడు."

రూటమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆఫీసులో ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరు కూడా, ఆ మాట ఆవిడతో అనలేదు. అందరూ "పాస్‌వర్డు మర్చిపోయానండీ" అనే అన్నారు.

ఆ రోజు నుంచి సాయంత్రం అయిదయ్యేసరికి రూటమ్మ ఆ గదిలో ఉండేది. ఒక చోట ఫైలు పెట్టి, ఇంకో చోట దానికి దారి చూపించే ఉత్త పేరు మాత్రం పెట్టచ్చని ఆవిడ చెబితే, "ఇల్లు మారినవాళ్ళకి మేమూ అదే చేసేవాళ్ళం, ఫలానా చోటికి పంపండి అని చీటీ," అనేది అత్తయ్యగారు. ఒకసారి ఒక పెద్దమనిషి పాత ఊళ్ళో కొత్త ఊరికి పంపమనీ, కొత్త ఊళ్ళో పాత ఊరికి పంపమనీ చీటీలు పెట్టి మర్చిపోయాడట. ఒక పెళ్ళి శుభలేఖ ఆ రెండు ఊళ్ళ మధ్య పదకొండు నెలలు తిరిగిందట.

"తర్వాత?" అంది రూటమ్మ, నవ్వాపుకోలేక.

"తర్వాతేముంది, వాళ్ళకి పిల్ల కూడా పుట్టింది. అప్పుడు నేనే ఆ కవరు తీసి పక్కన పెట్టేశాను."

ఈ సంగతులేవీ చెల్లెలికి పట్టలేదు. ఆవిడకి తెలిసిందల్లా, కూతురి పరీక్ష పది రోజుల్లో ఉంది, దవడలు పెట్టె వెనక ఉన్నాయి.

"అక్కా, ఆవిడ్ని తగిలించింది నువ్వు. తీసేది కూడా నువ్వే," అంది ఒక ఆదివారం. "ఆ అన్‌మౌంటేదో చెయ్యి."

"చేస్తాను. కానీ అలా లాగి పారెయ్యకూడదు. ఎవరైనా వాడుకుంటూ ఉండగా పీకితే సగం రాసింది సగంలోనే చెడిపోతుంది. ముందు ఎవరు పట్టుకునున్నారో చూసి, ఒక్కొక్కరి చేతా వదిలించాలి."

"ఎవరు పట్టుకుంటారు ఆవిడ్ని? అందరం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటేనూ."

సోమవారం పదింటికి టాక్సీ వచ్చింది. అత్తయ్యగారిని తీసుకొచ్చినవాడే. రూటమ్మ నోటుబుక్కు పట్టుకుని వెళ్ళి చూస్తే, అత్తయ్యగారు మరిది బల్ల దగ్గర రెండు బొటనవేళ్ళతో ఒక గడియారం స్ప్రింగు నొక్కి పట్టుకుని ఉంది.

"ఇప్పుడు కదిలిస్తే ఇది ఎగిరి నా కంట్లో పడుతుంది వదినా," అన్నాడు మరిది, తల ఎత్తకుండా. "అత్తయ్య వేళ్ళంత కుదురుగా ఇంకెవరి వేళ్ళూ ఉండవు. నెల నుంచీ స్ప్రింగులన్నీ ఆవిడే పడుతోంది."

రూటమ్మ "బిజీ" అని రాసుకుంది. టాక్సీ వెళ్ళిపోయింది. ఆ స్ప్రింగు కూర్చోవడానికి సాయంత్రమైంది. ఇక అత్తయ్యని పిలవనని మరిది చేత మాట తీసుకుని, అతని పేరు కొట్టేసింది.

బుధవారం టాక్సీ వచ్చేసరికి అత్తయ్యగారు హాలు మధ్యలో చేతులు చాపుకుని నిలబడి ఉంది. ఒంటి మీద ఎవరిదో ఆకుపచ్చ గౌను, దానికి నలభై గుండుసూదులు. ఆ గౌను కుట్టించుకుంటున్నావిడదీ అత్తయ్యగారిదీ ఒకే కొలత అట. చెల్లెలు నోట్లో ఇంకో ఆరు గుండుసూదులు పెట్టుకుని, చేత్తోనే టాక్సీని పొమ్మని సైగ చేసింది.

"నువ్వేగా పంపెయ్యమన్నావు!" అంది రూటమ్మ.

చెల్లెలు సూదులు తీసి, "పంపెయ్, కాదన్నానా? ఈ అంచొక్కటీ అయ్యాక," అంది.

శుక్రవారం వంతు కూతురిది. అందరికంటే ఎక్కువ గోల పెట్టినది ఆ పిల్లే. రూటమ్మ తలుపు తోసి చూస్తే, అత్తయ్యగారు కుర్చీలో వెనక్కి వాలి, నోరంతా గులాబీ రంగు ముద్దతో నింపుకుని, కళ్ళతో పలకరించింది.

"అయిదు నిమిషాలు కదలకూడదు పెద్దమ్మా," అంది కూతురు గడియారం చూస్తూ. "అచ్చు పాడైపోతుంది. నానమ్మవి ఇరవై తొమ్మిది సొంత పళ్ళు తెలుసా? ఈ వయసులో ఇలాంటి నోరు కాలేజీలో ఎవరికీ దొరకలేదు."

బయట హారను మోగింది. రూటమ్మ వెళ్ళి "బిజీ" అని చెప్పింది. డ్రైవరు అప్పటికి ఆ మాటకి అలవాటు పడ్డాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఆదివారం రమ్మంటారా?" అని తనే అడిగి వెళ్ళాడు.

ఆదివారానికి అందరూ వదిలేశారు. గౌను ఇచ్చేశారు, అచ్చు ఆరిపోయింది, విప్పిన గడియారం ఒక్కటీ లేదు. రూటమ్మ నోటుబుక్కులో మూడు పేర్లూ కొట్టేసి ఉన్నాయి. చెల్లెలు, మరిది, కూతురు వీధిలో టాక్సీ పక్కన వరసగా నిలబడ్డారు. పావుగంట గడిచింది. అత్తయ్యగారు రాలేదు. మరిది పెట్టె తెద్దామని రెండుసార్లు లోపలికి వెళ్ళి, రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చాడు.

"ఏమైంది?" అంది చెల్లెలు.

"ఇంకా బిజీ అట. ఎవరో పట్టుకునున్నారట. ఎవరో తెలియట్లేదట."

"అందరం ఇక్కడే ఉంటే?"

కూతురు వేళ్ళ మీద లెక్కపెట్టి, లోపలికి నడిచింది.

గదిలో అత్తయ్యగారు చెప్పులు తొడుక్కుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. ఎదురుగా ట్రంకుపెట్టె. పెట్టె మీద రూటమ్మ. నోటుబుక్కు తెరిచి పట్టుకుని, "అయితే చిరునామా అసలే లేని ఉత్తరాలు ఏ గడిలో వేసేవారండీ? మా దగ్గర వాటికి వేరే ఒక ఫోల్డరు ఉండేది..." అంటోంది.

"పెద్దమ్మా, లే," అంది కూతురు.

"ఉండవే. ఎవరు పట్టుకునున్నారో కనిపించట్లేదు. మూడు పేర్లూ మళ్ళీ మళ్ళీ చూశాను."

"నువ్వెక్కడ కూర్చున్నావో ఒకసారి చూసుకో."

రూటమ్మ కిందకి చూసింది. పెట్టె మూత, తాళం, తన కాళ్ళు. మెల్లగా ముఖం ఎర్రబడింది. డిస్కు ఊడిరావట్లేదని ఫోను చేసిన ప్రతివాణ్ణీ ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "ముందు నువ్వు ఆ ఫోల్డర్లోంచి బయటికి వచ్చావా?" సగంమంది వచ్చి ఉండేవాళ్ళు కాదు. ఫోను పెట్టేశాక వాళ్ళని చూసి నవ్వుకునేది.

నోటుబుక్కులో నాలుగో పేరుగా తన పేరు రాసింది. కొట్టెయ్యడానికి కలం పెట్టి, ఆగి, మళ్ళీ పెట్టి, కొట్టేసింది. లేచి, గది దాటి, హాలు దాటి, తెల్లగీత ఉన్న తలుపు దాటి, అరుగు మీద కూర్చుంది.

మరిది పెట్టె తెచ్చి డిక్కీలో పెట్టాడు. అత్తయ్యగారు గొడుగు టకటకలాడించుకుంటూ వచ్చి అందరి మధ్యా నిలబడింది.

"ఇప్పుడు నేను ఖాళీయేనా?" అంది.

మరిది డిక్కీ మూత వేశాడు.

"మా లిఫ్టు మూడో వారంలోనే బాగైంది. అప్పట్నుంచీ వెళ్దామనే చూస్తున్నాను. నా కిటికీలు, నా మంచం నాకు బెంగగా ఉండవూ? లేవబోతే ఒకడు స్ప్రింగు పట్టుకోమంటాడు. ఒకతె చేతులు చాపమంటుంది. ఒకతె నోరు తెరవమంటుంది. పైగా నేనెప్పుడు పోతానా అని తలుపు చాటున గుసగుసలు. నాకు చెవులు కూడా సొంతవేరా!"

మరిది చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు కూతురి వైపు చూసింది. కూతురు చూడడానికి ఎవరూ మిగలక టాక్సీ డ్రైవరు వైపు చూసింది. అతను గబగబా అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"పెట్టె బరువు," అంది రూటమ్మ అరుగు మీద నుంచి. "అక్కడ దింపాలి కదా. నేనూ వస్తాను."

ఇద్దరూ వెనక సీట్లో కూర్చుని వెళ్ళారు.

నాలుగో అంతస్తులో తలుపు తీశాక రూటమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందుగదిలో ఒక గోడ మొత్తం చెక్క గళ్ళు. పాత పోస్టాఫీసు పడగొట్టినప్పుడు ఎవరూ వద్దంటే తెచ్చుకుందట. ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు గళ్ళు. ఒక్కదాని మీదా పేరు లేదు.

"కత్తెర ఎక్కడుంటుందండీ?" అంది రూటమ్మ, పరీక్షగా.

అత్తయ్యగారు కిటికీలు తెరుస్తోంది. వెనక్కి తిరగకుండానే, "మూడో వరస, ఏడోది," అంది. ఉంది. "కళ్ళజోడు?" "మొదటి వరస, నాలుగు." ఉంది. ఆ మధ్యాహ్నం రూటమ్మ ముప్పై వస్తువులు అడిగింది. ముప్పయ్యీ దొరికాయి.

"ఇది చెట్టు కాదు కదండీ," అంది చివరికి, కొంచెం కంగారుగా. "కొమ్మల్లేవు. అన్నీ ఒకే మట్టాన ఉన్నాయి. ఇలా ఎలా నడుస్తుంది?"

"ఒక్కదాన్నే కదమ్మా. చెట్టెందుకు?"

రూటమ్మ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ముందు కూతురి గదిలోకి వెళ్ళింది. కూతురి బల్ల మీద పద్నాలుగు దవడలూ దుమ్ము పట్టి, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పదిహేనోది గులాబీ అచ్చులోంచి తీసినది. ఆ పిల్ల పరీక్ష గట్టెక్కింది ఆ పదిహేనో దవడతోనే. పరీక్షకులు దాన్ని చేతులు మార్చుకుంటూ చూసి, ఈ నోరు ఎవరిదని అడిగారట.

టెంప్ బల్ల మీద మరిది మళ్ళీ గడియారాలు విప్పుతున్నాడు. కరెంటు పోతూనే ఉంది, వస్తూనే ఉంది. రూటమ్మ ఊడ్చే ముందు "తీసుకో" అని ఒక కేక వేస్తోంది. గురువారం గురువారం మాత్రం ఆ కేక కూడా ఉండదు, ఆవిడ ఇంట్లో ఉండదు కాబట్టి. పొద్దున్నే బస్సెక్కి నాలుగో అంతస్తుకి వెళుతుంది. వస్తువు ఎక్కడుండాలన్నది దాన్ని బట్టి తేల్చాలా, వాడే మనిషిని బట్టి తేల్చాలా అన్నది అక్కడ ఇంకా తేలలేదు. మొన్న గురువారం గొడుగు దగ్గర మొదలైన వాదన టీ అయ్యాక కూడా ఆగక, ఇద్దరూ మాట్లాడుకుంటూనే లిఫ్టులో కిందికి దిగి, బస్టాపు దాకా నడిచి, రెండు బస్సులు వదిలేశారు.